క్యాష్ మన కాసు నుంచే వచ్చిందా?

ఇంగ్లీషు క్యాష్ మన కాసు నుంచే పుట్టిందా అని అడిగారు కదా. మీరనుకునే క్యాష్ కాదండీ, కానీ ఇంకో క్యాష్ ఉంది, అది మన దక్షిణాదిదే.

మాది బందరు. నాన్నకి కిరాణా కొట్టుండేది. ఏటా దసరాకి గల్లాపెట్టె బోర్లించి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టేవాళ్లం. నేను ఏడో క్లాసులో ఉండగా అలా బోర్లిస్తే అడుగున పరిచిన కాగితం కింద నుంచి నల్లగా మకిలి పట్టిన రాగి బిళ్ల ఒకటి పడింది. చింతపండుతో తోమితే ఒక పక్క రెండు సింహాలు, 1808 అని, రెండో పక్క పారశీ రాత, దాని కింద ఇంగ్లీషులో ఎక్స్ క్యాష్ అని తేలాయి. ఎక్స్ అంటే రోమన్ అంకెల్లో పది అని తెలీక నేను తిప్పి తిప్పి చూస్తుంటే తాతయ్య చేతిలోకి తీసుకుని "పది కాసులు రా ఇది, కుంపిణీ వాళ్లది" అన్నారు. కుంపిణీ అంటే ఈస్టిండియా కంపెనీ. క్యాష్ అని రాసుంది కదా తాతయ్యా అంటే "వాళ్లకి నోరు తిరగక అలా రాసుకున్నారు, నువ్వు కాసు అనే చదువు" అన్నారు.

ఆయన చెప్పిందే నిజం. ఇక్కడి కాసుని పోర్చుగీసు వాళ్లు కైషా చేశారు, ఇంగ్లీషు వాళ్లు దాన్ని క్యాష్ చేశారు. మద్రాసు లెక్కలో 80 కాసులు ఒక ఫణం, 42 ఫణాలు ఒక వరహా. చైనాలో మధ్యన చదరం చిల్లు ఉండే నాణేలున్నాయే, వాటినీ ఇంగ్లీషులో క్యాష్ అనే అంటారు, అది కూడా మన మాటే, ఎక్కడ బయల్దేరి ఎక్కడ తేలిందో చూడండి.

మీ జేబులో క్యాష్ వేరే. లాటిన్‌లో కాప్సా అంటే పెట్టె, అదే ఇటాలియన్‌లో కాస్సా అయింది, 1500ల చివర్లో ఇంగ్లీషులోకొచ్చినప్పుడు కూడా డబ్బుల పెట్టె అనే అర్థం ఉండేది, తర్వాత పెట్టె పోయి అందులో డబ్బు మిగిలింది. అంటే అచ్చంగా మా నాన్న గల్లాపెట్టే! ఆ దసరా రోజు ఒక క్యాష్‌లోంచి ఇంకో క్యాష్ పడిందన్నమాట. ఇక్కడి కుంపిణీ గుమాస్తాలు రెంటినీ ఒకటే అనుకున్నారేమో, అది నా ఊహే.

ప్రతి ఇంగ్లీషు మాటా తెలుగు నుంచే వచ్చిందని వాట్సాప్‌లో తెగ పంపుతుంటారు, నిజంగా మనదైన కాసునేమో మనమే వదిలేస్తున్నాం, నా బాధ అదీ. మొన్న మా అమ్మ బంగారం కొట్లో రెండు కాసుల్లో గొలుసు చూపించమంటే కౌంటర్లో అబ్బాయి "కాసంటే ఎన్ని గ్రాములు ఆంటీ?" అన్నాడు. ఎనిమిది నాయనా అని చెప్పాల్సొచ్చింది, అదీ బందర్లో.