ముందు అడుగున నిలిచే వాసన చూసుకో

తిరుపతి

అమ్మడూ,

నువ్వు తయారుచేసి పంపిన సెంటు సీసా అందింది. మూత తీయగానే నిమ్మ, నారింజ గుప్పుమన్నాయి. గంట తిరిగేసరికి చేతి మీద ఏమీ మిగల్లేదు. తొందరగా ఎగిరిపోయేవే అన్నీ వేశావు, అడుగున పట్టి ఉంచేది వేయలేదు. ఈసారి కింద నుంచి మొదలుపెట్టు.

అడుగుకి శ్రీగంధం, కొంచెం వట్టివేరు చాలు. ఇవి మెల్లగా ఆవిరవుతాయి, పైనున్న పూల వాసననీ పోనివ్వవు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో అత్తరు దించేవాళ్లు పూల ఆవిరిని నేరుగా శ్రీగంధం నూనెలోకి పట్టేది అందుకే. మన శేషాచలం ఎర్రచందనం రంగుకే గానీ వాసనకి పనికిరాదు. ఆ పేరుతో ఎవరైనా సువాసన నూనె అమ్మితే కొనకు.

నడుమకి మల్లె. మల్లె అబ్సల్యూట్, అంటే పూల నుంచి తీసిన చిక్కటి సారం, ఖరీదే, కానీ చాలా తక్కువ పడుతుంది. అందులో ఇండోల్ అనే ఘాటైన పదార్థం ఉంటుంది కదా, మోతాదు మించితే వాడిన పూల కంపు వస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టం దవనం. ఇక్కడ పూలంగళ్లలో దండల్లో కలిపి కడతారే, ఆ బూడిదరంగు ఆకు. దాని నూనె మనిషిని బట్టి మారుతుందని పేరు. అది నిజమే. నా మణికట్టు మీద మాగిన పండు వాసన, మీ అమ్మకి రాస్తే ఎండుగడ్డి వాసన. అందుకే కాగితం ముక్క మీద చూసి సరే అనుకోకు. నీ చేతికి రాసుకో, ఇంకో ఇద్దరికి రాయి. రాశాక రుద్దొద్దు. వెంటనే ఒకసారి, అరగంటకి ఒకసారి, మూడు నాలుగు గంటలకి ఒకసారి చూసి, అనిపించింది అప్పుడే రాసి పెట్టుకో. మూడోసారి వచ్చే వాసన నీకు నచ్చకపోతే పైన ఎన్ని నిమ్మచుక్కలు పోసినా లాభం లేదు.

చుక్కలు లెక్కపెట్టకు, చిన్న కాటా కొనుక్కో. చుక్క సైజు నూనెని బట్టి మారిపోతుంది. దవనం, మల్లె, వట్టివేరు ఘాటైనవి, ముందే పది శాతానికి పలచన చేసి పెట్టుకో. కలిపాక టెన్షన్ పడి రోజూ మూత తీయకుండా నెల రోజులు చీకట్లో ఉంచు.

మన ఎండకి ఏ సెంటయినా తొందరగా లేచిపోతుంది. స్నానం అయ్యాక ఒంటికి కాస్త కొబ్బరినూనె రాసుకుని దాని మీద వేసుకుంటే ఇంకాసేపు ఉంటుంది. ఇంకోమాట, తొక్క పిండి తీసిన నిమ్మనూనె రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. పగలు వేసుకునే దాంట్లో ఆవిరి పట్టి తీసిన నిమ్మనూనే వాడు. ఎవరికిచ్చినా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి ఒకరోజు చూడమను.

మీ పెద్దమ్మ