భీమిలిలో హత్య కథ రాసేముందు సముద్రాన్ని అడగండి

ప్రశాంతమైన బీచ్ ఊళ్లో జరిగే హత్య మిస్టరీ రాయాలి, వైజాగ్ దగ్గర ఏ ఊరు బాగుంటుంది, నిజంగా జరిగినట్టు అనిపించాలంటే ఏం తెలియాలి అని అడిగారు. భీమిలి తీసుకోండి. నేను అక్కడే పెరిగాను కాబట్టి పక్షపాతం ఉందనుకున్నా ఫర్వాలేదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు, పాత లైట్‌హౌస్, అన్నీ నడిచి తిరిగేంత దూరంలోనే. ఆదివారం సాయంత్రం కార్లకు చోటుండదు. రాత్రి తొమ్మిదయ్యేసరికి ఒడ్డున కుక్కలూ పడవలూ మిగులుతాయి.

పాతికేళ్ల వయసులో నేనూ ఒకటి రాశాను. సూర్యుడు సముద్రంలో మునుగుతుండగా శవం కనిపిస్తుంది, అదీ మొదటి వాక్యం. చేపల వేటకెళ్లే మావయ్యకి చదివి వినిపిస్తే ఆయన చుట్ట పక్కన పెట్టి, "అల్లుడూ, మన సూర్యుడు ఎప్పట్నుంచి ఇటు దిగుతున్నాడ్రా?" అన్నాడు. మనది తూర్పు తీరం. పొద్దు సముద్రంలోంచి లేస్తుంది, కొండల వెనక్కి దిగుతుంది. సాయంత్రం సీను కావాలంటే పున్నమి చంద్రుణ్ణి నీళ్లలోంచి లేపండి. అన్నట్టు పున్నమి రోజుల్లో పోటు కూడా ఎక్కువ, ఒడ్డున అడుగుజాడలు మిగలవు.

ఆయన పట్టుకున్న రెండో తప్పు ఇంకా పెద్దది. నా హంతకుడు మే నెలలో అర్ధరాత్రి ఇంజన్ బోటులో శవాన్ని లోపలికి తీసుకెళ్తాడు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మోటారు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఆ నిశ్శబ్దంలో ఇంజన్ చప్పుడైతే పేటంతా లేచి కూర్చుంటుంది. నేను సిగ్గుపడ్డాను కానీ, మీరు దాన్నే క్లూగా వాడుకోవచ్చు.

నీటివాలు కూడా చూసుకోండి. మార్చి, ఏప్రిల్‌లలో తీరం వెంబడి ప్రవాహం ఈశాన్యానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నైరుతికి. నవంబర్‌లో భీమిలి దగ్గర పడిపోయాడని చెప్పిన మనిషి ఈశాన్యాన, విజయనగరం వైపు ఉన్న చింతపల్లి ఒడ్డున తేలితే, మీ డిటెక్టివ్‌కి అనుమానం రావాలి. వైజాగ్ నుంచి భీమిలి వచ్చే దారిలోని ఎర్రమట్టి దిబ్బలు మీకు ఉచితంగా దొరికిన వరం. కారు మ్యాట్ మీద ఆ ఎర్ర ఇసుక ఉంటే, "నేను బీచ్ దాటి ఎటూ వెళ్లలేదు" అన్న మాట అక్కడే పోతుంది.

పోలీసు పని గురించి క్లుప్తంగా. 2024 జూలై 1 తర్వాత జరిగే కథైతే హత్యకి పాత ఐపీసీ సెక్షన్ 302 అని రాయకండి, దాని బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 103 అని రాయండి. శవపంచనామాకి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 194. మునిగి చనిపోయాడా, చంపి నీళ్లలో వేశారా అన్నది తేల్చడానికి ఎముక మజ్జలో డయాటమ్‌ల కోసం చూస్తారు. ఊపిరి ఉండగా మునిగితే నీటిలోని ఆ సూక్ష్మజీవులు రక్తంతో పాటు అక్కడిదాకా చేరతాయి.

ఒకసారి నన్నే పంచనామాకి సాక్షిగా నిలబెట్టారు. నది మొగ దగ్గర ఈతకి దిగి పోయిన మనిషి. ఎస్సై చెబుతుంటే స్టేషన్ రైటర్ మోకాలి మీద ప్యాడ్ పెట్టుకుని రాస్తున్నాడు. తల తూర్పుకి, ఎడమ చేతికి నల్లదారం, గీతల చొక్కా. గాలికి కాగితం ఎగిరిపోతుంటే నేను అంచు పట్టుకున్నాను. "మూడో గుండీ లేదు" అని కూడా రాశాడు. సంతకం పెట్టి వచ్చేశాను. ప్రమాదమని తేలింది, గుండీ సంగతి ఎవరూ మళ్లీ ఎత్తలేదు.

నేను ఇప్పుడు రాస్తున్న కథ ఆ గుండీ మీదే నడుస్తోంది. మిగతావన్నీ వాడుకోండి, అది మాత్రం నాకు వదిలెయ్యండి.