ముందు జాబితాలో పేరు, తర్వాతే వార్డు గీత

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. జిల్లా కౌన్సిల్ నుంచి మీ ఇంటికొచ్చిన ఉత్తరం ఫొటో పంపావు కదా, రెండుసార్లు చదివాను. "ఇది మనకు సంబంధించింది కాదులే, పక్కన పడేయనా బాబాయ్?" అని అడిగావు. పడేయకు తల్లీ. ఇంగ్లండ్‌కు వచ్చాక మీ ఇంటికి వచ్చిన ఉత్తరాల్లో ఇంత అవసరమైనది ఇంకొకటి ఉండదేమో.

మీ పారిష్ కౌన్సిల్‌లో, అంటే మన గ్రామ పంచాయతీ లాంటి దాంట్లో, ఎంతమంది సభ్యులుండాలి, ఊరిని వార్డులుగా విడదీయాలా, విడదీస్తే గీత ఎక్కడ పడాలి, పొలిమేర ఎక్కడిదాకా ఉండాలి అని జనాన్ని అడుగుతున్నారు. దీన్ని కమ్యూనిటీ గవర్నెన్స్ రివ్యూ అంటారు. 2007 నాటి చట్టం ఈ అధికారాన్ని జిల్లా కౌన్సిళ్ల చేతిలో, జిల్లా, కౌంటీ పనులు రెండూ ఒక్కటే చూసే యూనిటరీ కౌన్సిళ్ల చేతిలో పెట్టింది. 10, 15 ఏళ్లకోసారి చేసుకుంటే మంచిదని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ ఈ అవకాశం వచ్చేసరికి నీ కూతురు కాలేజీకి వెళ్తుంటుంది.

మా ఊళ్లో ఈ రివ్యూ జరిగినప్పుడు నేను పారిష్ కౌన్సిలర్‌ని. మొదటి మీటింగ్‌లో ఆఫీసరు టేబుల్ మీద పెద్ద మ్యాప్ పరిచి, పక్కన ఒక కాగితం పెట్టాడు. మా కొత్త ఎస్టేట్‌లో, అంటే కొత్తగా కట్టిన కాలనీలో, దాదాపు 300 ఇళ్లు. అందులో మన తెలుగువాళ్లవే చాలా ఉన్నాయి. కాగితం మీద మా ఎస్టేట్ ఎదురుగా ఉన్న ఓటర్ల సంఖ్య చూసి నాకు నోట మాట రాలేదు. ఇంటికి ఒక్కరు కూడా లేరు! పాత ఊరి వైపు చూస్తే ఇంటికి దాదాపు ఇద్దరున్నారు. ఆ లెక్కతో సీట్లు పంచితే మా వైపు ఎన్ని వస్తాయో నువ్వే ఊహించుకో. అందులో ఆఫీసరు తప్పేమీ లేదు. ఓటర్లను లెక్కపెట్టమని చట్టం చెప్పింది, ఆయన లెక్కపెట్టాడు.

మన దగ్గర పంచాయతీల్లో సీట్ల పంపకానికి జనాభా ఆధారం. ఉయ్యాలలో పాప కూడా ఆ లెక్కలోకి వస్తుంది. ఇక్కడ జాబితాలో పేరుంటేనే మనిషి కింద లెక్క. అందుకే సరిహద్దుల గురించి ఒక్క ముక్క రాసేముందు మీ వీధిలో ఎవరెవరి పేర్లు ఓటర్ల జాబితాలో ఉన్నాయో కనుక్కో.

మనవాళ్లలో సగం మందికి ఒక విషయమే తెలియదు. భారతీయ పాస్‌పోర్టు ఉన్నా సరే, ఇక్కడ నివాసం ఉంటూ చెల్లుబాటయ్యే వీసా ఉన్నవాళ్లకు ఓటు హక్కు ఉంది, ఎందుకంటే మనం కామన్వెల్త్ (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలనలోని దేశాల కూటమి) పౌరులం. వర్క్ వీసా, డిపెండెంట్ వీసా, స్టూడెంట్ వీసా, ఏదైనా పర్వాలేదు. మా వీధి చివర ఒక అద్దె ఇంట్లో ఐదుగురు మన పిల్లలు ఉండేవారు, ఎంఎస్ చదువుకోవడానికి వచ్చినవాళ్లు. నేను తలుపు తట్టి అడిగితే ఒక అబ్బాయి కంగారుపడ్డాడు: "ఓటు రాయించుకుంటే వీసాకు ఏమైనా అవుతుందా అంకుల్?" వాళ్ల హాల్లో చాప మీద కూర్చుని, ఒక్కొక్కరి ఫోన్‌లో ఒక్కొక్క దరఖాస్తు నింపించాను. మనిషికి ఐదు నిమిషాలు పట్టలేదు. నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్ దగ్గర పెట్టుకుంటే చాలు.

నువ్వు, అల్లుడు ఎవరి దరఖాస్తు వాళ్లే పెట్టుకోవాలి. ఇంటి పెద్ద అందరి పేర్లూ రాసిచ్చే పద్ధతి 2014లో పోయింది. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఏటా ఇంటికి ఒక ఫారం వస్తుంది, ఇంట్లో ఎవరున్నారని అడుగుతుంది. దాంట్లో పేరు రాసి పంపేసి ఓటు వచ్చేసిందనుకుంటారు. రాదమ్మా. కొత్తగా చేరేవాళ్లు విడిగా దరఖాస్తు పెట్టాల్సిందే. పేరు, అడ్రస్ ఎవరి చేతికైనా పోతాయని భయం ఉంటే, అమ్మే జాబితాలో నా పేరు వద్దు అని చెప్పడానికి దరఖాస్తులోనే ఒక గడి ఉంటుంది. ఓటేసే రోజు ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, మన భారతీయ పాస్‌పోర్టు చెల్లుతుంది.

ఇక గీతల సంగతి. ఇక్కడ కాస్త ఓపిక పట్టి చదువు, ఎందుకంటే ఇంట్లో కూర్చుని ఈ పని చేయలేవు.

మా ఊరికీ పక్క ఊరికీ మధ్య పాత పొలిమేర ఒక చిన్న వాగు. ఎస్టేట్ కట్టినప్పుడు ఆ వాగును పైపులోకి మళ్లించి పైన గడ్డి పరిచారు. మ్యాప్ మీద గీత మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. ఒక క్లోజ్‌లో, అంటే చివర దారి మూసుకుపోయే చిన్న వీధిలో, 14 ఇళ్లు ఉంటే, ఆ గీత ఏడో నంబర్ ఇంటి గ్యారేజీకీ వంటింటికీ మధ్య నుంచి పోయింది. ఒక వైపు వాళ్లు నడిచి వెళ్లి మా విలేజ్ హాల్లో ఓటేస్తారు. ఇంకో వైపు వాళ్లు బైపాస్ దాటి, కారేసుకుని పక్క ఊరి స్కూలుకు పోవాలి. కౌన్సిల్ టాక్స్‌తో పాటు కట్టే పారిష్ ప్రిసెప్ట్ (పారిష్ ఖర్చులకు పోయే వాటా) కూడా వాళ్లది పక్క ఊరికే చేరుతుంది. పిల్లలు ఆడుకునేది మాత్రం మా పార్కులో.

ఈ ముక్క మీటింగ్‌లో చెబితే ఎవరికీ అర్థం కాలేదు. పాత ఊరిలో ఎనభై దాటిన ఒక ఇంగ్లీషు ఆవిడ ఉండేది. ఆవిడను బతిమాలి తీసుకెళ్లాను. చేతికర్రతో గడ్డిలో వెతికి ఒక ఇనప మూత మీద టకటకా కొట్టి, "వాగు ఇక్కడే" అంది. వంగి చెవి పెడితే కింద నీళ్ల చప్పుడు వినపడింది. ఆ మూత ఫొటో, ఏడో నంబర్ ఇంటి ఫొటో, మ్యాప్ మీద ఎర్ర పెన్నుతో గీసిన కొత్త గీత, మూడూ కలిపి పంపాను. తుది సిఫార్సుల్లో గీత ఎస్టేట్ వెనక ఉన్న పెద్ద రోడ్డు మీదికి జరిగింది. రోడ్డో, నదో, రైలు పట్టాలో, ఎవరు చూసినా గుర్తుపట్టే హద్దు చూపించావంటే ఆఫీసర్లకు పని తేలికవుతుంది.

చట్టం వాళ్లను రెండు విషయాలు చూడమంటుంది. ఏర్పాటు ఆ ప్రాంత జనం గుర్తింపునూ ప్రయోజనాలనూ ప్రతిబింబించాలి, పాలన సమర్థంగా, సౌకర్యంగా సాగాలి. నీ జవాబు ఈ రెండింటి చుట్టూనే తిరగాలి. పిల్లలు ఏ స్కూలుకు వెళ్తారు, డాక్టరు దగ్గరికి ఎటు వెళ్తారు, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఇవి రాయి. మనవాళ్లకో వార్డు కావాలని మాత్రం అడగకు. అది న్యాయం కాదు, ఊళ్లో మనసులు కూడా విరుగుతాయి. పాత ఊరివాళ్లతో కలిసి ఒకే మాట మీద నిలబడితే దానికి బలం వేరు.

ఇంకొకటి. రివ్యూ మొదలైన రోజు నుంచి వచ్చే 5 ఏళ్లలో ఓటర్లు ఎంత పెరుగుతారో కూడా వాళ్లు చూడాలి. మీ వెనక పొలంలో కట్టబోయే ఇళ్లకు ప్లానింగ్ అనుమతి వచ్చిందన్నావు కదా, ఎన్ని ఇళ్లో కౌన్సిల్ ప్లానింగ్ పేజీలో ఉంటుంది. ఆ సంఖ్య జవాబులో పెట్టు.

సభ్యుల సంఖ్య దగ్గర ఆశకు పోవద్దు. కనీసం 5 మంది ఉండాలి, పైన ఇంతకు మించకూడదని చట్టం చెప్పలేదు. మార్గదర్శకాలు 1992లో ఆస్టన్ బిజినెస్ స్కూల్ చేసిన పరిశోధనను చూపిస్తాయి: 501 నుంచి 2,500 ఓటర్లున్న చోట 6 నుంచి 12 మంది, 2,501 నుంచి 10,000 ఉన్న చోట 9 నుంచి 16 మంది. అది నియమం కాదు, అప్పటి తీరు. మీ కౌన్సిల్‌లో పోయిన ఎన్నికలకు సీట్లకు సరిపడా అభ్యర్థులు నిలబడ్డారా అని పారిష్ కార్యదర్శి అయిన క్లర్క్‌ని అడుగు. నిలబడకపోతే ఖాళీలను ఉన్న సభ్యులే ఎంచుకుని నింపుకుంటారు. సీట్లు పెంచి ఖాళీగా పెట్టుకోవడం కంటే, ఉన్నవాటిలో మీ వైపుకు న్యాయమైన వాటా అడగడం నయం. నిలబడాలంటే ఓటరు కావడంతోనే సరిపోదు, మనలాంటి వాళ్లకు శాశ్వత నివాస అనుమతి గానీ ఇక్కడి పౌరసత్వం గానీ ఉండాలి. నీకు వచ్చేసింది కదా, ఆలోచించు. ఈ మాట ఉత్తినే అనడం లేదు.

లీసెస్టర్ దగ్గరున్న నీ స్నేహితురాలు వాళ్ల ఊళ్లో రివ్యూ ఊసే లేదందట. వాళ్లు పిటిషన్ పెట్టి అడగొచ్చని చెప్పు. 500 నుంచి 2,500 ఓటర్లున్న చోట 187 సంతకాలు చాలు, అంతకంటే పెద్దదైతే ఓటర్లలో 7.5 శాతం కావాలి. జాబితాలో పేరున్నవాళ్ల సంతకాలే లెక్కకొస్తాయి. చూశావా, మళ్లీ అక్కడికే వచ్చాం.

రివ్యూలో ఏమేం చూస్తారో చెప్పే కాగితం, టర్మ్స్ ఆఫ్ రిఫరెన్స్, ప్రకటించిన రోజు నుంచి 12 నెలల్లో రివ్యూ ముగించాలి. మామూలుగా రెండుసార్లు అడుగుతారు, ఒకసారి మొదట్లో, ఒకసారి ముసాయిదా వచ్చాక. రెండుసార్లూ రాయి. మొదటిసారి రాశాం కదా అని ఊరుకోవడం వల్ల మేము ఒక వార్డు పేరు పోగొట్టుకున్నాం.

వచ్చే శనివారం పది గంటలకల్లా మీ ఇంట్లో ఉంటాను. ఈలోపు కౌన్సిల్ పేజీ నుంచి మ్యాప్ పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించు, ఎర్ర పెన్ను ఒకటి కొను. వానొచ్చినా నడుద్దాం, పాపకు బూట్లు వేసి ఉంచు.

మీ బాబాయి