థర్మకోల్ గోడ 14 సెంటీమీటర్లు, అసలు గోడ ఎంత?

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. థర్మకోల్‌తో ఇళ్ల నమూనాలు ముచ్చటగా చేస్తుంది, ఆర్కిటెక్ట్ అవుతానంటుంది. కానీ 1:50 నమూనాలో (అంటే అసలుకు యాభయ్యో వంతు) గోడ 14 సెంటీమీటర్లుంటే అసలు పొడవెంత అని అడిగితే తడబడుతుంది. లెక్కలతో ఇంత ఇబ్బంది ఉంటే ఈ దారి కుదురుతుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, 14ను 50తో గుణించడం పదో తరగతి పిల్లకు రాకపోదు. 700 వస్తుంది. చిక్కంతా 700 ఏమిటన్న దగ్గరే. నమూనాను సెంటీమీటర్లలో కొలిచాం కాబట్టి అవి సెంటీమీటర్లే. మీటర్లలోకి మారిస్తే 7. గుణకారం, మార్పిడి ఒకే అంగలో చేయబోయి చాలామంది సున్నాల దగ్గర జారుతారు. రెండు వరసలుగా రాయమనండి. గోడ 70 మీటర్లని తేలితే, కుతుబ్ మీనార్ ఎత్తే 72.5 మీటర్లని గుర్తు చేయండి. నవ్వుకుని తనే దిద్దుకుంటుంది.

వైశాల్యం దగ్గర పెద్దవాళ్లూ పొరబడతారు. నమూనాలో 14×10 సెంటీమీటర్ల గది నిజానికి 7×5 మీటర్లు. పొడవు 50 రెట్లయితే నేల 2,500 రెట్లు. ఇది తెలియకుండా టైల్స్ లెక్క వేస్తే ఇంటివాళ్ల కొంప మునుగుతుంది.

ఇంకో సంగతి పాఠ్యపుస్తకంలో దొరకదు. ఏ3 కాగితం మీద 1:50లో గీసిన ప్లానును ఏ4కు తగ్గించి జిరాక్స్ తీస్తే, దాని మీద 1:50 అని ఉన్నా నిజానికది దాదాపు 1:71. అందుకే ప్లాను మీద స్కేలు పెట్టి కొలవకుండా, రాసిన కొలతలనే పాటించమంటారు.

చదువు విషయానికొస్తే, ఆర్కిటెక్ట్ కావడానికి చదివే బీఆర్క్ డిగ్రీ అయిదేళ్లు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుని, ఆర్కిటెక్చర్ ప్రవేశపరీక్ష నాటా గాని, జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు గాని రాయాలి. కాబట్టి లెక్కలను తప్పించుకునే వీలు లేదు. గీయడమే ఎక్కువ ఇష్టమైతే పది తరవాత ఐటీఐలో ప్లానులు గీయడం నేర్పే రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ కోర్సు ఉంది. దాన్ని చిన్నచూపు చూడకండి.

ముందు ఈ సెలవుల్లో మీ వంటిల్లు తనే టేపుతో కొలిచి, 1:50లో చేయమనండి. 2.1 మీటర్ల తలుపు 4.2 సెంటీమీటర్లు కావాలి. మేస్త్రీలు అడుగుల్లో మాట్లాడతారు, ప్లానులు మిల్లీమీటర్లలో ఉంటాయి. అందుకని ప్రతి కొలతా రెండు విధాలా రాయించండి. పూర్తయ్యాక నమూనాలో పొయ్యి గట్టు ఎత్తు మీరే కొలిచి, అసలు ఎత్తు ఎంతో నోటితో చెప్పమనండి. తప్పు చెబితే వెంటనే దిద్దకండి, టేపు చేతికివ్వండి.