ప్లేట్‌లెట్లు 92 వేలు... కాన్పులో రక్తం ఆగదా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. రెండో కాన్పు, 33వ వారం. మొదట్లో 1.9 లక్షలున్న ప్లేట్‌లెట్లు 92 వేలకు పడిపోయాయి. బీపీ నార్మల్, హిమోగ్లోబిన్ 8.6. మొదటి కాన్పులో రక్తం బాగా పోయి ఎక్కించాల్సి వచ్చింది. ఈసారి రక్తం ఆగదేమోనని ఒకటే టెన్షన్. సిజేరియన్ చేయమని అడగనా?

జవాబు: ప్లేట్‌లెట్ల గురించి అంత భయపడి, హిమోగ్లోబిన్ 8.6 అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు కంగారు పుట్టించింది ఆ ముక్కే.

ప్లేట్‌లెట్లు ముందు చూద్దాం. మొదట్లో బాగుండి, చివరి నెలల్లో వేరే ఇబ్బందేమీ లేకుండా ఈ మాత్రం తగ్గితే చాలావరకు అది గర్భం వల్లే, కాన్పయ్యాక దానంతటదే సర్దుకుంటుంది. ఒక్కోసారి ట్యూబులో కణాలు గుంపు కట్టి మిషన్ తక్కువ చూపిస్తుంది కూడా, అందుకే స్మియర్ (రక్తపు చుక్కను మైక్రోస్కోపులో చూసే పరీక్ష) చూడమనండి. లివర్ పరీక్షలు, ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), యూరిన్‌లో ప్రొటీన్ కూడా తప్పనిసరి, ఎందుకంటే గర్భంలో లివర్‌నీ రక్తకణాల్నీ దెబ్బతీసి ప్రాణం మీదికి తెచ్చే హెల్ప్ సిండ్రోమ్‌లోనూ ప్లేట్‌లెట్లు ఇలాగే పడిపోతాయి. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, వాంతులు, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, వీటిలో ఏదొచ్చినా గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకోకండి. బీపీ నార్మల్‌గా ఉన్నా సరే, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కాన్పయ్యాక మొదటి రెండు రోజుల్లోనూ హెల్ప్ సిండ్రోమ్ రావచ్చు.

ఇక రక్తస్రావం. బిడ్డ పుట్టాక మాయ ఊడిన చోట తెరుచుకున్న రక్తనాళాల్ని నొక్కి మూసేది గర్భసంచి కండరం. అది గట్టిగా ముడుచుకోకపోవడమే ఎక్కువమందిలో అసలు కారణం. 92 వేలతో మామూలు కాన్పు చేయొచ్చు, 70 వేలు దాటితే సాధారణంగా ఎపిడ్యూరల్ (నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తు) కూడా ఇస్తారు. సిజేరియన్‌లో రక్తం ఇంకా ఎక్కువే పోతుంది కాబట్టి ఈ భయంతో మాత్రం అడగొద్దు. ఒకసారి రక్తస్రావమైతే మళ్లీ అయ్యే అవకాశం ఎక్కువ గనుక, రక్తం సిద్ధంగా ఉంచే ఆసుపత్రినే ఎంచుకోండి. బిడ్డ పుట్టగానే గర్భసంచి ముడుచుకునేలా ఆక్సిటోసిన్ ఇస్తారు. అయినా రక్తం ఆగకపోతే, కట్టిన గడ్డ కరిగిపోకుండా చూసే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది, అది బిడ్డ పుట్టిన 3 గంటల్లోపే పడాలి, ఎంత ముందైతే అంత మంచిది.

ఇప్పుడు నా కంగారు సంగతి. ఒక లీటరు రక్తం పోతే హిమోగ్లోబిన్ 11.5 ఉన్నామె తట్టుకున్నట్టు 8.6తో మీరు తట్టుకోలేరు. ఉన్నది కొద్ది వారాలే, మాత్రలతో నెమ్మదిగా పెరుగుతుంది. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష), బీ12, ఫోలేట్ చేయించుకోండి. ఐరన్ లోపమని తేలితే సెలైన్‌లో ఐరన్ ఎక్కించడం గురించి ఈ వారమే అడగండి. బీ12, ఫోలేట్ లోపిస్తే హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు రెండూ తగ్గుతాయి, అదే కారణమైతే మీ పని సులువే.

ప్లేట్‌లెట్లు వారం పది రోజులకోసారి చూపించుకోండి, 80 వేల లోపుకి వస్తే హెమటాలజిస్ట్‌ని (రక్త సమస్యల డాక్టర్‌ని) కలవండి. మొదటి కాన్పు డిశ్చార్జ్ సమ్మరీ వెతికి తీసుకెళ్లండి. అప్పుడు గర్భసంచి ముడుచుకోలేదా, మాయ ముక్క మిగిలిపోయిందా, ఎక్కడైనా చిరిగిందా అన్నదాన్ని బట్టే ఈసారి ఏర్పాట్లు ఉంటాయి.