సమాధానం: ఇంటికీ రైలుకీ ఒకే ప్లానార్ హెడ్‌ఫోన్

నమస్కారమండీ. రాత్రిళ్లు ఇంట్లో వినడానికీ, వారం వారం రైలు ప్రయాణానికీ కలిపి ప్లానార్ హెడ్‌ఫోన్ (అయస్కాంతాల పక్కన పలుచని పొర కదిలి పాట వినిపించే రకం) ఓపెన్‌ది కొనాలా, క్లోజ్‌డ్ (కప్పు వెనక మూసి ఉండేది) కొనాలా అని అడిగారు. ఒక్కటే కొనేటట్లయితే క్లోజ్‌డ్ తీసుకోండి.

ఓపెన్‌లో కప్పు వెనక ఉండేది జాలీయే. మీ పాట పక్క సీటు వాళ్లకి వినిపిస్తుంది, రైలు చప్పుడు మీ చెవిలోకి వస్తుంది. దాంతో వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు, చెవులకు అది ప్రమాదం. ఇంట్లో మాత్రం ఆ జాలీ వల్లే పాట తల చుట్టూ విశాలంగా పరుచుకుంటుంది. గొంతు, వయొలిన్, మృదంగం విడివిడిగా తెలుస్తాయి. నాకైతే ఇంట్లో ఓపెనే ప్రాణం.

క్లోజ్‌డ్‌లో డాన్ క్లార్క్ ఏయాన్ 2 చూడండి, మడతపడుతుంది కాబట్టి బ్యాగులో పెట్టుకోవడం సులువు. కాకపోతే ప్లానార్‌లో అయస్కాంతాల పక్కనుండే పలుచని పొరను కరెంటే కదిలించాలి. చాలా మోడళ్లకు ఫోన్ ఒక్కటే చాలదు, మంచి డాంగిల్ (ఫోన్‌కి తగిలించే చిన్న యాంప్లిఫయర్) కూడా లెక్కలో వేసుకోండి. బరువూ ఉంటుంది: ఓపెన్ రకమైన హైఫైమ్యాన్ సుందరాయే 372 గ్రాములు.

కళ్లద్దాలు పెట్టుకుంటారా? కాడల దగ్గర సందు పడితే క్లోజ్‌డ్‌లో బేస్ బాగా తగ్గిపోతుంది. అద్దాలతోనే పెట్టి చూసి కొనండి.