తుంటి మార్చాక తొడ ఎముక విరిగితే: పాఠకుల ప్రశ్నలకు ఎముకల వైద్యుల జవాబులు

ప్రశ్న: మా అమ్మకు 71 ఏళ్లు. చాలా ఏళ్ల క్రితం కుడి తుంటి మార్పించాం. కొద్ది వారాలుగా కుర్చీలోంచి లేవగానే మొదటి నాలుగడుగులూ తొడలో నొప్పి అంటోంది. నడుస్తుంటే సర్దుకుంటోంది. మా వీధిలో తుంటి మార్పించుకున్న ఒకావిడ బాత్‌రూమ్‌లో జారిపడితే తొడ ఎముక విరిగింది. అమ్మకూ ఆ ప్రమాదం ఉందా? (ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: ముందు ఆ నొప్పి సంగతి చూడండి. దాన్ని వయసు మీదకు నెట్టేయకండి. తొడ ఎముక గొట్టంలోకి దించిన లోహపు స్టెమ్ పట్టు సడలితే నొప్పి సరిగ్గా ఇలాగే వస్తుంది. పాత రకం కీళ్లలో తుంటి గుంటలో అమర్చిన కప్పులోని ప్లాస్టిక్ ఏళ్ల తరబడి అరిగి సన్నటి రజను రాలుతుంది. దాన్ని మింగడానికి చేరిన కణాలు పక్కనున్న ఎముకను కూడా కరిగిస్తాయి. ఎముక గోడ పలచబడ్డాక నిలుచున్నచోట పడినా చాలు, విరుగుతుంది. స్టెమ్ గట్టిగా ఉన్నవారికీ దాని కొస దగ్గర కొంత ముప్పు ఉంటుంది. పైన బిరుసైన లోహం, కింద వట్టి ఎముక. పడినప్పుడు ఒత్తిడంతా ఆ రెండూ కలిసేచోటే పోగవుతుంది.

అందరికీ ఇలా జరగదు. అమెరికాలోని మాయో క్లినిక్‌లో 32 వేలకు పైగా ఆపరేషన్లను పరిశీలిస్తే, తొలిసారి తుంటి మార్చినవారిలో 20 ఏళ్లలోపు ఇలా విరిగే అవకాశం 3.5 శాతమని తేలింది. రెండోసారి మార్చినవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

ఈ వారంలోనే ఎక్స్‌రే తీయించండి. తుంటి ఒక్కటే కాదు, మోకాలి దాకా తొడ మొత్తం, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ఆపరేషన్ అయిన కొత్తలో తీసిన ఫిల్మ్ తప్పక తీసుకెళ్లండి. స్టెమ్ కిందికి దిగిందా లేదా అన్నది రెంటినీ పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది. ఇన్‌ఫెక్షన్ వల్లా పట్టు సడలవచ్చు కాబట్టి ఈఎస్ఆర్, సీఆర్పీ అనే రక్త పరీక్షలు కూడా చేయించాలి. అప్పటిదాకా చేతికర్ర ఎడమ చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల తుంటి మీద బరువు తగ్గదు.

ఎముక సాంద్రత తెలియడానికి వెన్నుకూ ఎడమ తుంటికీ డెక్సా స్కాన్ చేయించండి. ఆ స్కాన్‌లో వచ్చే టీ-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ ఉంటే మందు అవసరం. వారానికోసారి వేసుకునే అలెండ్రొనేట్ 70 మి.గ్రా. మాత్రను పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతోనే మింగాలి. అరగంట దాకా పడుకోకూడదు, కాఫీ తాగకూడదు, కాల్షియం మాత్ర వేసుకోకూడదు. అమ్మగారు ఈ మాత్రను ఇప్పటికే ఏళ్లుగా వాడుతుంటే ఆ మాట డాక్టరుకు చెప్పండి. అరుదుగా దీర్ఘకాలం వాడినవారిలో తొడ ఎముకకు ఒక రకం పగులు వస్తుంది. అదీ ముందు తొడనొప్పిగానే మొదలవుతుంది.

ప్రశ్న: నాన్నగారికి 78 ఏళ్లు. తుంటి మార్చిన కాలే మళ్లీ విరిగింది. ఒక డాక్టరు ప్లేటు చాలంటున్నారు, మరొకరు స్టెమ్ మార్చాలంటున్నారు. బంధువులేమో పుత్తూరు కట్టు కట్టిద్దామంటున్నారు. (ఒక పాఠకుడు, కడప)

జవాబు: కట్టు వద్దు. లోపల లోహం ఉన్న ఎముకను బయటి కట్టు కదలకుండా ఆపలేదు. ఈ వయసులో వారాల తరబడి మంచాన పడితే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, న్యుమోనియా, వీపున పుండ్లు వెంటపడతాయి. ఆరోగ్యం అనుమతిస్తే ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ జరగడమే మేలు. అప్పటిదాకా నిలబెట్టకండి, మర్దన చేయించకండి.

ప్లేటా, కొత్త స్టెమ్మా అన్నది ఒక్క విషయం మీద ఆధారపడుతుంది: స్టెమ్ ఎముకను ఇంకా పట్టుకుని ఉందా? 1995 నుంచి వాడుకలో ఉన్న వాంకూవర్ వర్గీకరణ దీన్నే అడుగుతుంది. స్టెమ్ చుట్టూ విరిగినా పట్టు గట్టిగా ఉంటే బీ1, ప్లేటూ, చుట్టూ బిగించే లోహపు తీగలూ (కేబుళ్లు) సరిపోతాయి. పట్టు సడలితే బీ2. అప్పుడు విరిగినచోటును దాటి, ఎముక అడ్డుకొలతకు కనీసం రెండింతల పొడవు కిందికి దిగే పొడవాటి స్టెమ్ వేయాలి. ఎముక కూడా శిథిలమైపోతే బీ3, అది పెద్ద ఆపరేషన్. స్టెమ్‌కు బాగా దిగువన విరిగితే సీ. దానికి ప్లేటు చాలు, కానీ ప్లేటు పై భాగం స్టెమ్ మీదుగా రావాలి. మధ్యలో ఖాళీ వదిలితే అక్కడే మళ్లీ విరుగుతుంది.

మాకు తరచూ కనిపించే పొరపాటు, బీ2ను బీ1 అనుకుని ప్లేటుతో సరిపెట్టడం. లోపల స్టెమ్ కదులుతూనే ఉంటుంది, కొన్ని నెలలకు ప్లేటు విరుగుతుంది. ఎక్స్‌రేలో పట్టు సంగతి కొన్నిసార్లు తేలదు, ఆపరేషన్ టేబుల్ మీద చేత్తో కదిపి చూస్తేనే తెలుస్తుంది. అందుకే డాక్టరును ఇలా అడగండి: ‘సడలిందని తేలితే వెంటనే మార్చడానికి పొడవు స్టెమ్ సిద్ధంగా ఉంటుందా?’ పాత ఆపరేషన్ కాగితాల్లో కీలు కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్ కోసం వెతకండి. పాత కప్పును ఉంచి స్టెమ్ మార్చాలంటే స్టెమ్ పైనుండే గుండు దానికి సరిపోవాలి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఈరోజే చెప్పండి.

ప్రశ్న: అత్తగారికి 77 ఏళ్లు. తుంటి మార్చాలన్నారు. సిమెంటుతోనా, లేకుండానా? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ఈ వయసు ఆడవారికి స్టెమ్‌ను ఎముక సిమెంటుతో బిగించి పెట్టడమే మంచిదని మా అభిప్రాయం. సిమెంటు లేని స్టెమ్‌ను బిగువుగా కొట్టి దించాలి. పలచటి ఎముక ఆ దెబ్బలకే పగలవచ్చు, లేదా తొలి నెలల్లో విరగవచ్చు. ఆస్ట్రేలియా, నార్డిక్ దేశాల్లో కీలు మార్పిడులను నమోదు చేసే రిజిస్ట్రీలు ఇదే చూపుతున్నాయి. సిమెంటు పెట్టే సమయంలో బీపీ పడిపోవచ్చు కాబట్టి గుండె జబ్బు ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. ఏ కారణంగానైనా సిమెంటు వద్దనుకుంటే, కాలర్ (పైభాగాన పట్టీలాంటి అంచు) ఉన్న స్టెమ్ గురించి అడగండి. అది ఎముక అంచు మీద ఆనుకుని కిందికి జారకుండా నిలుస్తుంది.